గుడ్డు గుట్టు

"శాంతక్కా, సార్ ఫోన్ చేసినాడు. రేపు సాయంత్రం నువ్వు పిసుకో సార్ చెయ్యాలంట. బాగా చెయ్యాలని మరీమరీ చెప్పినాడు."

డ్రైవర్ హిదాయతుల్లా వంటింటి వెనక గుమ్మంలో నిలబడి, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ అన్నాడు. శాంతిప్రియ చేతిలోని వంకాయ కింద పడింది. చాకు మాత్రం చేతిలోనే ఉంది.

"ఏం చెయ్యాలి?"

"పిసుకో సార్."

"ఎవర్ని?"

"ఎవర్ని ఏందక్కా? సార్ అంటా ఉంటే."

శాంతిప్రియ ముఖం జేవురించింది. రాజోలు దగ్గర పల్లెటూరి నుంచి దుబాయ్ వెళ్తున్నానని చెప్పి బయల్దేరి అబూధాబీలో తేలిన మనిషి ఆవిడ. ఈ ఇంటికి ముందు ఇద్దరు కఫీళ్ళ, అంటే వీసా ఇచ్చే యజమానుల, ఇళ్ళు చూసింది. అడగకూడని పని అడిగిన ఇంట్లోంచి కట్టుబట్టలతో బయటికి నడిచింది కూడా. అందుకని ఆ మాటకి రెండో అర్థం ఉండొచ్చని ఆవిడ బుర్రకి తట్టనే లేదు.

"నేను వంట చెయ్యడానికొచ్చానయ్యా, ఒళ్ళు పిసకడానికి కాదు. మేడమ్ గారు చెల్లెలి పురుడికని ఇండియా వెళ్తే ఈయనకిక్కడ నొప్పులు మొదలయ్యాయా? పద, ఆయన్ని కన్న పెద్దమ్మగారి ముందే తేల్చుకుంటాను. ఆయ్, ఉంటే ఉంటాను, పోతే పోతాను!"

చాకుతో సహా హాల్లోకి బయల్దేరిందావిడ. హిదాయతుల్లా చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

"అల్లా కసమ్ అక్కా, ఒళ్ళు కాదు, నీళ్ళు! తాగేది! దాని పేరే అది!"

ఫోన్ తీసి సార్ పంపిన వీడియో చూపించాడు. తెర మీద ఒక గడ్డపాయన గ్లాసు పైకెత్తి, పళ్ళన్నీ బయటపెట్టి, "పిస్కో సోర్" అన్నాడు. దక్షిణ అమెరికాలో పెరూ దేశం వాళ్ళ పానకం అది. ద్రాక్షరసం పులియబెట్టి, కాచి దించిన పిస్కో అనే బ్రాందీలో నిమ్మరసం, పంచదార పాకం, ఐసు వేసి గిలక్కొడతారు. సోర్ అంటే పులుపు. సార్‌కీ దానికీ, సార్‌కీ సారాకీ ఉన్నంత చుట్టరికమే.

శాంతిప్రియ చాకు కింద పెట్టింది. వీడియో చివరిదాకా చూడబోయి మధ్యలో ఆగిపోయింది. గడ్డపాయన కోడిగుడ్డు పగలగొట్టి, పచ్చసొన పక్కకి తీసేసి, తెల్లసొన సీసాలో ఒంపాడు. ఊపాడు. గ్లాసులో పోస్తే పైన మీగడలా నురగ నిలిచింది.

"గుడ్డా?" అందావిడ. ఇందాక హాలుదాకా వినిపించిన గొంతు ఇప్పుడు గుమ్మం కూడా దాటలేదు. "ఈ ఇంట్లోనా?"

ఆ ఇల్లు ఖలీఫా సిటీలో ఉంది. యజమాని ప్రసాద్ గారికి ముసఫ్ఫాలో ట్యాంకులూ పైపులూ అతికే వర్క్‌షాపు ఉంది. పేరులో ప్రసాదం ఉంటే పొట్టలో తీర్థం ఉండాలి కదా అన్నట్టు, సాయంత్రమైతే ఆయన గ్లాసు ముందు కూర్చుంటాడు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి కొడుకు దగ్గరే ఉంటున్న తల్లి సుబ్బాయమ్మ గారికి ఆ తీర్థం మీద అభ్యంతరం లేదు. "వాళ్ళ నాన్నా తాగాడు, తాతా తాగాడు, గుడ్డు మాత్రం మా వంశంలో ఎవడి నోట్లోకీ పోలేదు" అని గర్వంగా చెప్పుకుంటుంది. ఇంట్లో విస్కీ సీసా అద్దాల అలమరలో కూర్చుంటుంది. గుడ్డుకి గేటు దగ్గరే నిషేధం.

శాంతిప్రియకి ముందు ఈ ఇంట్లో నిజామాబాద్ నుంచి వచ్చిన లింగవ్వ వంట చేసేది. ఒక రోజు తన గదిలో ఆమ్లెట్ వేసుకుంది. ఆ వాసన కిటికీ దాటి పెద్దమ్మగారి ముక్కుకి తగిలింది. ఆ వారం తిరక్కుండా లింగవ్వ విమానంలో ఉంది.

శాంతిప్రియ వీసా ఈ నెలాఖరుకి అయిపోతుంది. కొత్తది వేయించాల్సింది ప్రసాద్ గారే గాని, ఆ ఇంట్లో పెద్దమ్మగారు తలూపకుండా ఆయన వేలు కదలదు. అమలాపురంలో కూతురు నర్సింగ్ చివరి ఏడాది చదువుతోంది. ఇప్పుడు విమానం ఎక్కిస్తే ఆ పిల్ల చదువూ దిగిపోతుంది. పేరు శాంతిప్రియే గాని, నెల రోజులుగా ఆవిడకి శాంతీ లేదు, ప్రియంగా తిన్న ముద్దా లేదు.

ఆ సాయంత్రం ప్రసాద్ గారు తన వంటింట్లోకి తనే దొంగలా వచ్చాడు. హాల్లో తల్లి టీవీ గొంతు పెంచాక నోరు విప్పాడు.

"పెరూ ఆయన, హువామాన్ గారు. మన ట్యాంకుల కాంట్రాక్టు తేల్చే ముదీర్, పెద్ద మేనేజరు. మొన్న భోజనాల దగ్గర, ఇక్కడ మా దేశం డ్రింకు చెయ్యడం ఎవడికీ రాదని బాధపడ్డాడు. మా ఇంటికి రండి, మా వంటమనిషి చేస్తుందని నోరు జారాను."

"జారింది మీ నోరైతే పడేది నేనాండీ?"

"పడవు. నేనున్నాను."

"గుడ్డు లేకుండా చేస్తేనో సార్?"

"నురగ రాదు. నురగ రాకపోతే నా పరువు నురగలైపోతుంది. ఆ గడ్డపాయన చేసినట్టే చెయ్యి. అమ్మకి మాత్రం తెలియకూడదు. తెలిసిందో, నేను కొడుకుని కాబట్టి బతికిపోతాను. నువ్వు..."

ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చెయ్యలేదు. "ఇది కానిచ్చెయ్, నీ వీసా నేను చూసుకుంటాను" అని ముగించాడు. ఒద్దంటే ఏమవుతుందో ఆవిడ అడగలేదు. అడగడానికేముంది?

తర్వాత పనులు పంచుకున్నారు. ఆ పంపకం ఆస్తి పంపకం కంటే కష్టమైంది.

"సీసా నేను ఒంపుతాను. గుడ్డు మాత్రం ముట్టను. అటు చూడను కూడా" అన్నాడు ప్రసాద్.

"గుడ్లు నేను తెస్తా సార్. మందు కలిసినాక ఆ గిన్నె దగ్గరికి రాను. మాకు హరామ్" అన్నాడు హిదాయతుల్లా. కడప జిల్లా వాడు, అయిదు పూటలా నమాజు తప్పనివాడు.

"నేను రెండూ ముట్టుకుంటానండి. నోట్లో మాత్రం వెయ్యను. తాగననీ, రుచి చూడననీ మా చర్చిలో ప్రమాణం చేశాను" అంది శాంతిప్రియ.

అలా వంటవాళ్ళు ముగ్గురయ్యారు. రుచి చూసే నాలుక మాత్రం ఒక్కటీ లేదు. ఉప్పెక్కువైందో పులుపు తగ్గిందో చెప్పే నాథుడు లేకుండా ఒక వంట మొదలైంది.

మర్నాడు శనివారం. వారాంతపు సెలవులు శని ఆదివారాలకి మారాక ప్రసాద్ గారికి చుట్టాలూ పక్కాలూ, బేరాలూ బేరగాళ్ళూ అంతా శనివారమే వస్తున్నారు. పెద్దమ్మగారికి మాత్రం శనివారమంటే వెంకటేశ్వరస్వామి వారం. సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. ఆ రోజు పొయ్యి దగ్గరికి ఇంకెవర్నీ రానివ్వదు. తెల్ల శనగలు ఉడకేసి గుగ్గిళ్ళు తాలింపు వేస్తుంది. శనగలు ఉడికిన నీళ్ళని, అదే కట్టుని, చచ్చినా పారబొయ్యదు. గిన్నెలో తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత చారు కాస్తుంది. శాంతిప్రియకి ఆ రోజు కూరలు తరగడం, బట్టలు ఇస్త్రీ చెయ్యడమే పని.

మధ్యాహ్నం ఎండ పెనంలా కాలుతుంటే హిదాయతుల్లా చొక్కా జేబుల్లో రెండు గుడ్లు పెట్టుకుని లోపలికొచ్చాడు. వెనక గుమ్మం గడియ వేసి ఉండడంతో హాల్లోంచి రావలసి వచ్చింది.

"హిదాయతూ, ఇటు రా నాయనా" అంది సుబ్బాయమ్మ గారు సోఫాలోంచి. "ఆ బియ్యం మూట వంటింట్లో పెట్టు."

హిదాయతుల్లా మూట వైపు చూశాడు, తన జేబుల వైపు చూశాడు. ఎత్తుకుంటే మూట సరిగ్గా గుండెల మీదికే వస్తుంది. వంగకుండా, మోకాళ్ళ మీద కూలబడి, మూటని ఎలాగో నెత్తికెత్తుకున్నాడు.

"భుజాన వేసుకోక నెత్తిన పెట్టుకున్నావేంరా?"

"మెడ పట్టేసిందమ్మా."

"మెడ పట్టేస్తే నెత్తిన పెట్టుకుంటారా?"

"బరువుకి... సర్దుకుంటాదని డాక్టర్ చెప్పినాడమ్మా."

"ఏ డాక్టరు వాడు? ఇంటికెళ్ళి బస్తాలు మోసుకోమను."

వంటింట్లోకి వచ్చేసరికి అతని చొక్కా ఈత కొట్టినట్టు తడిసిపోయింది. గుడ్లు మాత్రం చెక్కుచెదరలేదు. శాంతిప్రియ తన గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసి, గుడ్లు కొట్టి తెల్లసొన స్టీలు గిన్నెలో తీసింది. సాగకుండా చెంచాతో బాగా గిలక్కొట్టింది. పెంకులూ పచ్చసొనా సంచిలో కట్టి హిదాయతుల్లాకిచ్చి పంపేసింది. ఆ ఎండకి గదిలో ఉంచితే పాడైపోతుందని గిన్నె మీద మూత పెట్టి, ఫ్రిజ్ పై అరలో కట్టు గిన్నె వెనక్కి తోసింది. రెండూ ఒకే సెట్టు గిన్నెలు, రెండిటి మీదా ఒకే పెళ్ళివారి పేరు చెక్కి ఉంది.

దేవుడా, ఈ ఒక్క సాయంత్రం దాటించు, అనుకుని మేడ మీదికి ఇస్త్రీకి వెళ్ళింది.

పొద్దు వాలాక అతిథి వచ్చాడు. పొట్టిగా, పుష్టిగా, నవ్వుతూ ఉన్నాడు. గుమ్మంలోనే సుబ్బాయమ్మ గారికి వంగి నమస్కారం పెట్టాడు.

"ఏం పేరన్నావురా ఈయనది?"

"హువామాన్ అమ్మా."

"హనుమానా!" పెద్దమ్మగారు చెంపలు వేసుకుంది. "శనివారం పూట హనుమాన్ గారే మన గుమ్మం తొక్కారురా! నేను ఇక్కడే కూర్చుంటాను."

ఆవిడ లోపలికెళ్ళి దీపం పెట్టుకుంటుందని, ఈలోగా పని కానిచ్చేయొచ్చని వేసుకున్న లెక్క అక్కడితో తప్పింది. పెద్దమ్మగారు దీపం పెట్టి చిటికెలో తిరిగొచ్చి, ఫలహారం కూడా మానేసి, వంటింటి గుమ్మం కనిపించే కుర్చీలోనే కూర్చుంది.

ప్రసాద్ ఐసు తెస్తానని వంటింట్లోకొచ్చాడు. పిస్కో స్టీలు ఫ్లాస్కులో ఒంపి, ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. హిదాయతుల్లా గుమ్మం అవతలికి తప్పుకుని పెద్దమ్మగారి మీద కన్నేసి ఉంచాడు. శాంతిప్రియ నిమ్మరసం పోసింది, పాకం పోసింది. ఫ్రిజ్ తెరిచి చెయ్యి పెట్టింది. గిన్నె తగిలింది. మూత తీసింది. చల్లగా, పల్చగా, కొంచెం జిగురుగా ఉంది.

"శాంతీ, ఇంకా ఎంతసేపే?" హాల్లోంచి పెద్దమ్మగారు.

"వస్తన్నానమ్మగారూ!"

సగం ఒంపింది. మూత బిగించి ఊపింది. భుజాలు నొప్పెట్టేదాకా ఊపింది. గ్లాసుల్లోకి వంచితే పైన తెల్లటి నురగ, వీడియోలో ఉన్నట్టే నిలబడింది. దాని మీద సార్ తెచ్చిన బిట్టర్స్ అనే చేదు మందు చుక్కలు వేసింది. రుచి చూడమందామంటే ఒకరు గోడ వైపు, ఒకరు గుమ్మం అవతల.

"యల్లా, పట్టుకెళ్ళు" అన్నాడు ప్రసాద్ గోడకే చెప్పినట్టు.

హువామాన్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తెరిచాక గ్లాసు దీపం వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత వంటింటి వైపు, ఆ తర్వాత పెద్దమ్మగారి వైపు చూశాడు.

"బ్యూటిఫుల్" అన్నాడాయన నెమ్మదిగా. "మరి మీ గ్లాసు?"

ప్రసాద్ తను విస్కీ తాగుతానన్నాడు. హువామాన్ ఒప్పుకోలేదు. రెండో గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టి, మా దేశంలో ఆతిథ్యమిచ్చినవాడు కలిసి తాగకపోతే వచ్చినవాడు లేచి వెళ్ళిపోవాలని నవ్వుతూనే అన్నాడు. కాంట్రాక్టు నవ్వడం లేదు. ప్రసాద్ తల్లి వైపు చూశాడు. తల్లి కొడుకుని ముద్దుగా చూస్తోంది. ఏడుకొండలవాడి వారం, ఎదురుగా కన్నతల్లి, చేతిలో కోడిగుడ్డు. ఆముదం తాగినట్టు కళ్ళు మూసుకుని గుటుక్కున మింగాడు.

శాంతిప్రియ ఊపిరి పీల్చుకుంది. ఖలాస్, అయిపోయింది అనుకుంది.

అవలేదు. హువామాన్ లేచాడు. "అమ్మకి నేను చేస్తాను. బ్రాందీ లేకుండా, నిమ్మరసం, పాకం, నురగ" అంటూ ఇంగ్లీషులో చెప్పి, ఎవరూ ఆపేలోగా వంటింట్లోకి నడిచాడు.

"సార్, ఫినిష్ సార్. నో మోర్" అంటూ శాంతిప్రియ వెనకాలే పరిగెత్తింది. గట్టు మీద గిన్నెలో ఇంకా సగం ఉంది. హువామాన్ గిన్నెలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. కనుబొమలెత్తి, ఆవిడ వైపు చూసి, దొంగని పట్టుకున్నట్టు కన్ను గీటాడు. ఫ్లాస్కు శుభ్రంగా కడిగి, గిన్నెలో మిగిలిందంతా ఒంపేసి, నిమ్మకాయ పిండి, పాకం పోసి ఊపడం మొదలుపెట్టాడు.

ఆవిడ గుమ్మంలోంచి ప్రసాద్ వైపు చూసింది. చేత్తో ఆపమని సైగ చేసింది. ఆయన చూశాడు. చూసి, టీవీ వైపు తిరిగాడు. టీవీ కట్టేసి ఉంది.

"హనుమాన్ గారు స్వయంగా కలిపారా నాకోసం!" సుబ్బాయమ్మ గారు గ్లాసు రెండు చేతులా అందుకుంది. "నిమ్మరసమేగా, ఉపవాసం దీంతోనే విడుస్తాను."

శాంతిప్రియకి రెండు దారులు కనిపించాయి. నోరు మూసుకుంటే గ్లాసు ఖాళీ అవుతుంది, వీసా వస్తుంది, కూతురు చదువుకుంటుంది. ఆ ముసలావిడకి ఎప్పటికీ తెలియదు. ఎవరికీ నష్టం లేదు. ఇంట్లో మగమహారాజే ఊరుకుంటుంటే పనిమనిషికేం పట్టింది? కానీ నోట్లో వెయ్యనని ఒట్టు పెట్టుకున్నది వెయ్యకపోవడమంటే ఏమిటో శాంతిప్రియకి తెలుసు. తన నోటికి ఎవరైనా తెలియకుండా మందు పోసి, పక్కనున్నవాళ్ళు టీవీ చూస్తూ కూర్చుంటే?

గ్లాసు పెదవుల దగ్గరికి వెళ్ళింది.

"తాగకండి అమ్మగారూ!"

అరుపుకి గ్లాసు ఆగింది. నురగ అంచు దాటి పెద్దమ్మగారి వేళ్ళ మీదికి జారింది.

"అందులో కోడిగుడ్డు ఉందండి."

పెద్దమ్మగారు గ్లాసు బల్ల మీద పెట్టి, తడిసిన వేళ్ళని ఒంటికి తగలకుండా గాల్లో పట్టుకుంది.

"గుడ్డా!" ముందుగా లేచింది ప్రసాద్ గొంతే. "మన ఇంట్లోనా? శాంతీ, ఎంత ధైర్యం నీకు? ఎక్కడ్నించి తెచ్చావు?"

శాంతిప్రియ ఆయన వైపు చూసింది. నిన్నటి 'నేనున్నాను' ఎక్కడికి పోయిందా అని మాత్రం వెతికింది.

"ఆయక్క తేలేదు సార్." గుమ్మంలోంచి హిదాయతుల్లా రెండడుగులు ముందుకొచ్చాడు. "నేను తెచ్చినా. మీరు తెమ్మంటే తెచ్చినా. అమ్మా, మధ్యాన్నం నా మెడకేమీ కాలేదు. జేబుల్లో గుడ్లుండె."

పెద్దమ్మగారు కొడుకుని చూసింది. కొడుకు చెప్పుల్ని చూసుకున్నాడు.

హువామాన్‌కి భాష తెలియకపోయినా అందరి ముఖాలూ తెలుస్తున్నాయి. ఏమైందని శాంతిప్రియని అడిగాడు. "ఎగ్ సార్. ఇన్ ద గ్లాస్. మేడమ్ నో ఈట్ ఎగ్" అందావిడ, ఏడుపు ఆపుకుంటూ.

"ఎగ్?" ఆయన ఆశ్చర్యపోయాడు. "ఇందులో ఎగ్ లేదే!"

"ఉంది సార్. నేనే కొట్టాను."

"లేదమ్మా. మొదటి గుక్కలోనే తెలిసింది నాకు, ఇది గుడ్డు నురగ కాదని. వంటింట్లో గిన్నెలోది నాలిక మీద వేసుకున్నాను, శనగలు ఉడికిన నీళ్ళు. మా ఊళ్ళో కూడా గుడ్డు తిననివాళ్ళకి అలాగే చేస్తారు. పెద్దావిడ శాకాహారి, ఆవిడ కోసమే ఇంత జాగ్రత్త తీసుకున్నారని ముచ్చటేసింది. అందుకే ఆవిడకీ ఒక గ్లాసు చేద్దామనుకున్నాను."

ఆ ఇంగ్లీషుని హిదాయతుల్లా ముక్కలు ముక్కలుగా తెలుగు చేసి చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు.

"అయితే అక్కా... మన గుడ్డు ఏడికి పోయె?"

అప్పుడు అందరికంటే ముందు సుబ్బాయమ్మ గారి ముఖం పాలిపోయింది. ఆవిడ లేచింది. తడి చెయ్యి అలాగే పట్టుకుని వంటింట్లోకి నడిచింది. వెనకాల కొడుకు, డ్రైవరు, వంటమనిషి, పెరూ అతిథి, పెళ్ళి ఊరేగింపులా వెళ్ళారు. పొయ్యి మీద మధ్యాహ్నం కాచిన చారు గిన్నె ఉంది. మూత తీయించింది. పైన తెల్లటి పోగులు తేలుతున్నాయి.

"ఫ్రిజ్‌లో ముందున్న గిన్నె తీసి గుగ్గిళ్ళ పక్కన పెట్టాను" అంది ఆవిడ తనలో తను గుర్తు చేసుకుంటూ. "ఉప్పు కోసం మళ్ళీ ఫ్రిజ్ మీదికి చెయ్యి చాపాను. తిరిగి చూస్తే గిన్నె ఫ్రిజ్ లోపలే కనిపించింది, ఇంకా తియ్యలేదనుకున్నాను. దాన్నే తీసి మరిగే చారులో పోశాను. ముందు తీసినదాన్ని మిగిలిన కట్టనుకుని మళ్ళీ లోపల పెట్టేశాను. చల్లబడితే కట్టు జిగురుగానే ఉంటుంది కదా. ఈ తెల్ల పోగులు చూసి, చింతపండు పులుపుకి కట్టు విరిగిందనుకున్నాను."

"రుచి చూడలేదా అమ్మా?" అన్నాడు ప్రసాద్.

"ఉపవాసం కదురా. ఏం చూస్తాను?"

హిదాయతుల్లా గిన్నెలోకి తొంగి చూసి, మర్యాదగా తల వెనక్కి తీసుకున్నాడు. "ఇదేనమ్మా. గుడ్డే."

ముట్టనని గోడ వైపు తిరిగినాయన ముట్టలేదు, ముట్టినావిడ పొయ్యలేదు, గుడ్డంటే గిట్టనావిడ స్వహస్తాలతో చారు కాచింది. సాయంత్రమంతా దాచిన గుడ్డు గుట్టు, పెద్దమ్మగారి గిన్నెలోనే గుట్టుగా ఉడికింది.

ముందు తేరుకున్నది ప్రసాద్. ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "అంటే నేను తాగింది శనగల కట్టా! అమ్మా, నేను గుడ్డు తాగలేదే! నీ నోట్లోకీ పోలేదు! ఎవరికీ ఏమీ కాలేదు!"

"తాగేటప్పుడు నీకు తెలుసా, అది కట్టని?"

ప్రసాద్ నవ్వు సగంలో ఆగింది.

"గుడ్డనుకునే తాగావు. సరే, నీ నోరు, నీ వ్యాపారం. నా చేతికి గ్లాసు వచ్చినప్పుడు?"

ఆయన చారు గిన్నె మీద మూత సర్దాడు.

"గుడ్డనుకునే ఊరుకున్నావురా ప్రసాదూ. నా ఉపవాసం గుడ్డుతో విడుస్తుంటే నువ్వు కట్టేసిన టీవీ చూస్తున్నావు. నాకు కళ్ళు మసకే గాని, గుడ్డిదాన్ని కాదు."

ఆవిడ కుళాయి కింద చెయ్యి కడుక్కుంది. తీరిగ్గా తుడుచుకుని శాంతిప్రియ వైపు తిరిగింది.

"నీకు తెలుసా, అది కట్టని?"

"తెలీదండి. గుడ్డే అనుకున్నానండి."

"చెప్తే నిన్ను పంపించేస్తానని తెలుసా?"

"ఆయ్. లింగవ్వ గారి సంగతి తెలుసండి."

"మరెందుకు చెప్పావు?"

శాంతిప్రియ చీర కొంగు... కాదు, ఇక్కడ వేసుకునే పొడుగు గౌను అంచు వేళ్ళకి చుట్టుకుంది. "మీరు నోట్లో పెట్టేసుకుంటన్నారు కదండీ" అంది.

పెద్దమ్మగారు హాల్లోంచి ఆ గ్లాసు తెప్పించింది. నురగ ఇంకా సగం నిలిచే ఉంది. "ఇందులో మందు లేదుగా?"

"లేదండి. ఆయన ఫ్లాస్కు కడిగి మరీ చేశారు."

"అయితే నువ్వు చూడొచ్చు. ఎత్తి పోసుకుని చెప్పు. వాళ్ళెవరి మాటా నాకొద్దు."

శాంతిప్రియ అంచు తగలకుండా కొంచెం నోట్లో పోసుకుంది. పులుపు, తీపి, ఆ వెనకాల ఎక్కడో ఉడికిన శనగల వాసన.

"కట్టేనండి అమ్మగారూ. గుడ్డు లేదు."

సుబ్బాయమ్మ గారు గ్లాసు తీసుకుని, నిలబడే, తాగింది.

హువామాన్ అప్పటికి ఓపిక పట్టలేక హిదాయతుల్లా చెయ్యి పట్టుకున్నాడు. మొదట్నించీ చెప్పమన్నాడు. హిదాయతుల్లా హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిపి, చేతులతో గుడ్లు పెట్టి, నెత్తిన మూట ఎత్తి, గోడ వైపు తిరిగి, ఒక్కడే అన్ని వేషాలూ వేసి చెప్పాడు. చారు గిన్నె దగ్గరికి వచ్చేసరికి హువామాన్ గట్టు పట్టుకుని వంగిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. కాంట్రాక్టు మాట ప్రసాద్ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"చారు బయట పారబొయ్యి" అంది పెద్దమ్మగారు. "గిన్నెతో సహా. తర్వాత ఈ వంటిల్లంతా పసుపు నీళ్ళతో కడగాలి."

శాంతిప్రియ బకెట్టు కోసం వంగింది.

"నువ్వు కాదు. వాడు."

ప్రసాద్ గారు చొక్కా చేతులు మడిచాడు.

"దానికి ముందు ఆ వీసాలు చూసే మనిషికి ఫోన్ చెయ్యి. ఏమంటారు వాణ్ణి?"

"మందూబ్ అమ్మా. కానీ ఇవాళ సెలవు..."

"మందు పొయ్యడానికి లేని సెలవు మందూబ్‌కి ఎక్కణ్ణించి వచ్చింది? చెయ్యి. నాకు వినపడేలా పెట్టు."

ప్రసాద్ ఫోన్ గట్టు మీద పెట్టి స్పీకర్ నొక్కాడు. అవతల ఫోన్ మోగుతోంది. వంటింట్లో అయిదుగురూ దాని చుట్టూ నిలబడ్డారు. శాంతిప్రియ ఒక చేత్తో చారు గిన్నె ఎత్తిపట్టుకుని, అవతలి మనిషి ఎత్తేదాకా కదల్లేదు.

"హలో, నయీమ్ భాయ్" అన్నాడు ప్రసాద్, తల్లి వైపు చూస్తూ. "మా శాంతిప్రియ వీసా కాగితాలు ఆదివారమే పెట్టెయ్యాలి."

"సోమవారం దాకా ఆఫీసు తెరవరు సార్" అంది ఫోను.

"అయితే సోమవారం పొద్దున్నే" అంది సుబ్బాయమ్మ గారు ఫోన్ మీదికి వంగి. "నేనూ వస్తాను."